సుల్తాన్ ఖాబూస్‌ను ఏ రాయితో తూచాలి?

ఒమాన్ రాజధాని మస్కట్‌లో పదమూడేళ్ళు ఉన్నాను. 2007 మొదట్లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో అకౌంటెంట్‌గా చేరి, 2020లో కరోనా విమానమెక్కి ఇంటికొచ్చేశాను. ఆ పదమూడేళ్ళలో 'ఇచ్చాడు' అన్న మాట పడినన్ని సార్లు నా చెవిన మరే మాటా పడలేదు. రోడ్లు సుల్తాన్ ఇచ్చాడు. ఆసుపత్రులు సుల్తాన్ ఇచ్చాడు. ఇల్లు కట్టుకోవడానికి జాగా ఇచ్చాడు, పిల్లలకు చదువిచ్చాడు, లోకంలో ఒమాన్‌కి ఒక పేరిచ్చాడు. ఆఫీసులో ఒమానీలు అరబ్బీలో అదే అనేవాళ్ళు. కింద టీ కొట్టు మలయాళీ అదే అనేవాడు. లేబర్ క్యాంపులో మా నిజామాబాద్, జగిత్యాల తమ్ముళ్ళూ "మంచి రాజన్నా, అందరికీ ఇచ్చిండు" అనేవాళ్ళు. నేనూ అన్నాను. దాదాపు యాభై ఏళ్ళు ఒమాన్‌ను ఏలిన సుల్తాన్ ఖాబూస్ 2020 జనవరి 10న పోయారని మర్నాడు తెల్లవారకముందే టీవీలో చెప్పినప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ తడి అబద్ధం కాదు, ఇవాళ దాన్ని వెనక్కి తీసుకోను.

నా అభ్యంతరమల్లా ఆ 'ఇచ్చాడు' అన్న మాట మీదే. చమురు నేలలోంచి వచ్చింది. ఆ నేల మీద తరతరాలుగా బతికిన జనానిది అది. వాళ్ళ సొమ్ము వాళ్ళకే పంచిన మనిషిని బాగా పంచాడనొచ్చు, పొరుగువాళ్ళకన్నా నిజాయితీగా పంచాడనొచ్చు. దాత అనడం మొదలుపెట్టామా, లెక్క అడిగే హక్కు పోతుంది. దాతను లెక్క అడగడం మర్యాద కాదు కదా.

ఖాబూస్ గురించి ఎవరు రాసినా ఆయన తండ్రి సయీద్ బిన్ తైమూర్‌తో మొదలుపెడతారు. 1970 నాటికి దేశం మొత్తం మీద మూడే బడులు. వాటిలో చదివేది తొమ్మిది వందల మంది దాకా మగపిల్లలు, ఆడపిల్లలకు అసలు బడే లేదు. తారు రోడ్డు పది కిలోమీటర్లు. పొద్దుగుంకిన మూడు గంటలకు మస్కట్ కోట తలుపులు మూసేసేవారు, ఆ తర్వాత వీధిలో నడవాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. బానిసత్వం అప్పటికీ చట్టబద్ధమే. చదువుకోవాలనుకున్న కుర్రాళ్ళు కువైట్‌కో కైరోకో పారిపోయేవారు, పోయినవాళ్ళకు తిరిగొచ్చే దారి ఉండేది కాదు. 1970 జులై 23న కొడుకు ఆ తండ్రిని దించేశాడు. 2010లో ఐక్యరాజ్య సమితి మానవాభివృద్ధి నివేదిక, అంతకుముందు నలభై ఏళ్ళలో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మెరుగుపడిన దేశం ఒమాన్ అని తేల్చింది. 135 దేశాల్లో మొదటి స్థానం. చైనా కూడా దాని వెనకే.

ఇవన్నీ నిజాలే. అయినా ఈ పోలికను తూకపు రాయిగా ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ రాయి మరీ తేలిక. పది కిలోమీటర్ల రోడ్డు పక్కన పెట్టి తూస్తే ఎవరైనా బరువుగానే తూగుతారు. పైగా తండ్రి కథలో ఎవరూ చెప్పని సగం ఒకటుంది. సయీద్ మూర్ఖుడు కాదు. అజ్మీర్ మేయో కాలేజీలో చదివిన మనిషి. 1932లో గద్దెనెక్కే నాటికి ఖజానా అప్పుల్లో మునిగి ఉంది. ఇచ్చినవాళ్ళ చెప్పుచేతల్లో బతకడమంటే ఏమిటో కళ్ళారా చూసి, పైసా పైసా కూడబెట్టి ఆ అప్పు తీర్చాడు. ఆ భయమే తర్వాత రోగంలా ముదిరింది. 1967లో చమురు ఎగుమతి మొదలై డబ్బొచ్చాక కూడా చెయ్యి విప్పలేకపోయాడు. జనం చదువుకుంటే తిరగబడతారని, బయటి గాలి తగిలితే చెడిపోతారని తలుపులు బిగించాడు. ఆయన చేసింది ఘోరం, అందులో నాకు సందేహం లేదు. ఆ అప్పు మాట మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఖాబూస్‌కి దక్కాల్సింది ముందు దక్కనివ్వాలి. నా లెక్కలో ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద పని రోడ్లు కాదు, దక్షిణాన యెమెన్ సరిహద్దు పక్కనున్న ధోఫార్. అక్కడి ముఖ్య పట్టణం సలాలా వెనక కొండల్లో 1965 నుంచి సాయుధ పోరాటం నడిచింది. సయీద్ పాలనలో సైన్యం కొండ ఊళ్ళ ఇళ్ళు కాల్చింది, బావులు మూయించింది. ఆ కోపంలోంచి పుట్టిన తిరుగుబాటు, దక్షిణ యెమెన్ అండతో, కమ్యూనిస్టు విప్లవంగా మారింది. ఖాబూస్ పుట్టింది ఆ సలాలాలోనే. తల్లి ఆ కొండ తెగ ఆడపడుచు. గద్దెనెక్కిన కొత్త రాజు అందరికీ క్షమాభిక్ష ప్రకటించాడు. లొంగిపోయినవాళ్ళ తుపాకులు లాక్కోలేదు. వాళ్ళనే దళాలుగా కట్టి, ఫిర్ఖత్ అని పేరు పెట్టి, వాళ్ళ ఊళ్ళను వాళ్ళకే కాపలా పెట్టాడు. సైన్యం కొండెక్కిన చోటల్లా వెనకే ఒక బోరు, ఒక బడి, ఒక దవాఖానా, ఒక దుకాణం, ఒక మసీదు వచ్చేవి. బ్రిటిష్ కమాండోలు, ఇరాన్ షా పంపిన వేల మంది సైనికులు లేకుండా ఆ యుద్ధం గెలిచేవాడు కాదన్నదీ నిజమే. అయినా 1975 డిసెంబరులో యుద్ధం ముగిసిందని ప్రకటించాక ఆయన ప్రతీకారానికి దిగలేదు. తిరుగుబాటుదారుల తరఫున కైరోలో పనిచేసిన యూసుఫ్ బిన్ అలవీ, తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఒమాన్ విదేశాంగ వ్యవహారాలు చూశాడు. తన మీద తుపాకి పట్టిన పక్షం మనిషికి దేశం గొంతును అప్పగించిన రాజులు చరిత్రలో ఎంతమంది?

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ తిరుగుబాటుదారులూ బడులు పెట్టారు. యెమెన్ సరిహద్దులో వాళ్ళ బడుల్లో ఆడపిల్లలు మగపిల్లల పక్కన కూర్చుని చదివారు. మస్కట్ ఫర్మానా రాకముందే కొండల్లో వాళ్ళు బానిసత్వాన్ని రద్దు చేశారు. ఒమాన్ అధికారిక చరిత్రలో వీళ్ళ ఊసుండదు. వెలుగంతా 1970 జులైలో ఒకే కిటికీలోంచి వచ్చినట్టు రాసుకున్నారు. నాతో పనిచేసిన సలాలా కుర్రాడొకడు, వాళ్ళ మేనమామ ఆ పక్షాన చనిపోయాడని ఒకసారి గొంతు తగ్గించి చెప్పి, మరుక్షణమే మాట మార్చేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి చావు గురించి కారులో, ఇద్దరమే ఉన్నప్పుడు, గొంతు తగ్గించాడు.

ఆసుపత్రుల సంగతి నా అనుభవంలోది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల ఆరోగ్య వ్యవస్థలకు ర్యాంకులిచ్చినప్పుడు ఒమాన్ ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఆ కొలత పద్ధతి మీద వాదనలున్నాయి గానీ, ఉన్న డబ్బుతో జనం ఆయుష్షు పెంచడంలో ఆ దేశం చేసింది చిన్న పని కాదు. నేను వెళ్ళిన ఏడాదే, 2007 జూన్‌లో, గోను తుఫాను వచ్చింది. అరేబియా సముద్రంలో అంతవరకు నమోదైన తుఫానుల్లో అదే బలమైంది. మస్కట్‌లోని ఖురుమ్, వాదీ అదై వైపు కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడి ఉండటం నేను చూశాను. దేశం మొత్తం మీద యాభై మంది దాకా పోయారు. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంట్లు ఆగిపోయి రోజుల తరబడి కుళాయిలు ఎండిపోయాయి. నీళ్ళ ట్యాంకర్లు మా క్యాంపు దాకా వచ్చాయి. వరసలో నిలబడ్డవాడి పాస్‌పోర్టు ఏ దేశానిదని ఎవరూ అడగలేదు. కొన్ని నెలల్లో రోడ్లు మళ్ళీ వేశారు, కొన్నేళ్ళలో వాదీల (వాగుల) మీద ఆనకట్టలు లేచాయి. మా ఊళ్ళో ఒక వాగు మీద వంతెన కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూసినవాణ్ణి, ఆ వేగం చూసి నోరెళ్ళబెట్టాను.

పొరుగు దేశాలతో ఆయన నడిచిన తీరు కూడా ఆయన సొంత ఘనతే. అందులో సందేహం పెట్టుకోను. ఇజ్రాయెల్‌తో సంధి చేసుకుందని 1979లో అరబ్ దేశాలు చాలావరకు ఈజిప్టును వెలివేస్తే ఒమాన్ వెలివేయలేదు. ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్ళు కొట్టుకుంటే ఇద్దరితోనూ మాట్లాడుతూనే ఉంది. 2015లో సౌదీ కూటమి యెమెన్ మీద బాంబులు వేస్తుంటే గల్ఫ్ సహకార మండలి దేశాల్లో పక్కన నిలబడింది ఒమాన్ ఒక్కటే. అక్కడి క్షతగాత్రులు మస్కట్ ఆసుపత్రులకు వచ్చారు. యెమెన్‌లో ఏడాదిన్నర బందీగా ఉన్న కేరళ ఫాదర్ టామ్ ఉళున్నాలిల్ 2017లో విడుదలయ్యారంటే మస్కట్ చేసిన సాయం వల్లే. అమెరికా, ఇరాన్ అణు చర్చలకు తొలి రహస్య సమావేశాలు జరిగింది మస్కట్‌లోనే. 2017లో సౌదీ, దాని మిత్రదేశాలు ఖతార్‌ను దిగ్బంధం చేసినప్పుడు ఒమాన్ రేవులు దానికి తెరిచే ఉంచింది. చమురు డబ్బు చేతిలో ఉన్న రాజుకు పక్కవాడి ఇంట్లో నిప్పు పెట్టడం చాలా సులువు. ఆ సులువైన పని ఆయన యాభై ఏళ్ళలో చేయలేదు. గాంధీ శాంతి బహుమతి ఆయన పోయాక మన ప్రభుత్వం ప్రకటించినప్పుడు, దానికి ఆయన అర్హుడేనని నాకనిపించింది.

ఇంత చెప్పాక, ఇక తప్పు ఎక్కడుంది?

1970లో గద్దెనెక్కగానే ఖాబూస్ తన బాబాయి తారిఖ్ బిన్ తైమూర్‌ను ప్రధానమంత్రిగా పెట్టాడు. అన్నతో పడక ఏళ్ళ తరబడి విదేశాల్లో గడిపిన మనిషి తారిఖ్. రాజు ఉంటూనే రాజ్యాంగమూ ఉండాలన్నది ఆయన పక్షం. ఏడాదిన్నర తిరక్కముందే ఇద్దరికీ పొసగక తారిఖ్ తప్పుకున్నాడు. ఆ కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు. ప్రధానమంత్రి, రక్షణమంత్రి, విదేశాంగమంత్రి, ఆర్థికమంత్రి అన్నీ సుల్తానే, చనిపోయే రోజు వరకు. యుద్ధం నడుస్తున్నప్పుడు అది అవసరమేమో. 1975లో యుద్ధం అయిపోయింది. 1985కి అవసరమేమిటి? 2005కి? 1996లో ఆయన ఇచ్చిన మౌలిక చట్టంలో సుల్తాన్‌ను వేలెత్తి చూపకూడదని, ఆయన ఆజ్ఞ పాటించి తీరాలని రాసుకున్నారు. 1991లో షూరా మజ్లిస్ అనే సలహా మండలి వచ్చింది, 2003 నుంచి ఇరవై ఒకటేళ్ళు నిండిన ఆడామగా అందరికీ ఓటు వచ్చింది. ఆ ఓటుతో గెలిచినవాళ్ళకు బడ్జెట్ మీద గానీ సైన్యం మీద గానీ నిర్ణయం చేసే అధికారం లేదు.

అరబ్బులకు ఇవి పడవండీ, వాళ్ళకు రాజే ఉండాలి అని మనవాళ్ళు చాలా తేలిగ్గా అనేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఒమాన్ మధ్య భూభాగంలో ఫలజ్ అనే కాలవలున్నాయి. కొండ అడుగునుంచి నీటిని మైళ్ళ దూరం తెచ్చి ఖర్జూర తోటలకు పారించే వ్యవస్థ. నీళ్ళను కొలిచేది కాలంతో. పగలు ఎండగడియారం నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి ఎవరి వంతు ఎప్పుడో తేలుస్తారు. ఊరివాళ్ళు నమ్మి పెట్టుకున్న వకీల్ ఒకడు లెక్క రాస్తాడు, ఆ లెక్క అందరికీ తెలిసే ఉంటుంది. మన చెరువు కింద నీరటి ఎలాగో అలాగ. ఏ సుల్తాన్ ఫర్మానా లేకుండా వందల ఏళ్ళు నడిచింది అది. మతంలోనూ అంతే. ఇస్లాంలో ఒక శాఖ అయిన అక్కడి ఇబాదీ సంప్రదాయంలో, ఇమామ్ అనే నాయకుడు పుట్టుకతో రాడు, పండితులూ పెద్దలూ కూర్చుని ఎన్నుకోవాలి, తప్పు చేస్తే దించనూ వచ్చు. నిజ్వా రాజధానిగా ఆ ఇమామత్ 1950ల దాకా బతికే ఉంది. దాన్ని తుడిచిపెట్టింది బ్రిటిష్ విమానాల సాయంతో సుల్తాన్ సయీదే. నీళ్ళు పంచుకోవడం, నాయకుణ్ణి ఎన్నుకోవడం తెలిసిన జనానికి ఖాబూస్ కాలంలో బడ్జెట్ చదివే హక్కు లేకపోయింది. వాళ్ళకు చేతకాక కాదు.

2011లో, అరబ్ దేశాల్లో జనం తిరగబడుతున్నప్పుడు, అది బయటపడింది. ఫిబ్రవరిలో సొహార్ పట్టణంలో కుర్రాళ్ళు రోడ్డెక్కారు. చదువుకున్నాం, ఉద్యోగాలేవి, మంత్రులు తినేస్తున్నారు అన్నారు. వాళ్ళ చేతుల్లో సుల్తాన్ ఫొటోలే ఉన్నాయి. ఆయన మీద ప్రేమ ప్రకటిస్తూనే ఆయన మంత్రుల్ని తిట్టారు. పోలీసుల చేతిలో కనీసం ఒకరు చనిపోయారు. సుల్తాన్ యాభై వేల ఉద్యోగాలు ప్రకటించాడు, జీతాలు పెంచాడు, దీర్ఘకాలంగా పాతుకుపోయిన మంత్రుల్ని తప్పించాడు. పక్క దేశాల్లో పారినంత రక్తం పారలేదు, నిజం. ఆ తర్వాతి ఏడాది మాత్రం ఇంటర్నెట్‌లో రాసినందుకు, గుమికూడినందుకు, సుల్తాన్‌ను కించపరిచారని రచయితలకూ కార్యకర్తలకూ జైలు పడింది. 2013లో వాళ్ళకు క్షమాభిక్ష దొరికింది. అందరూ మళ్ళీ అన్నారు, "చూశావా, క్షమాభిక్ష ఇచ్చాడు". 2016లో న్యాయవ్యవస్థలో అవినీతి గురించి రాసిన అజ్జమన్ పత్రికను మూయించారు. మా ఆఫీసులో ఆ పత్రిక రోజూ వచ్చేది. ఒకరోజు రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఇప్పుడు అప్పు దగ్గరికి వద్దాం. అకౌంటెంట్‌ని కాబట్టి ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒమాన్ చమురు సౌదీ చమురు లాంటిది కాదు. కాస్త తక్కువ, కాస్త లోతు, తీయడం కష్టం. 2000 ప్రాంతంలో రోజుకు తొమ్మిదిన్నర లక్షల పీపాలు దాటిన ఉత్పత్తి, 2007 నాటికి ఏడు లక్షల పీపాల దగ్గరికి పడిపోయింది. ఆవిరి ఎక్కించి, గ్యాస్ ఎక్కించి, రసాయనాలు పంపి మళ్ళీ పది లక్షల దాకా లాక్కొచ్చారు. అంటే నూనె తరిగిపోయేదని అందరికన్నా ముందే తెలిసిన దేశం అది. 1990ల్లోనే భవిష్యత్ ప్రణాళికలు రాసుకున్నారు, చేపలు, పర్యాటకం, రేవులు అని. 2014లో ధర కూలింది. అప్పటికి ప్రభుత్వ అప్పు జాతీయాదాయంలో ఐదు శాతం కూడా లేదు. 2019కి అరవై శాతం దగ్గరికి చేరింది. ఐదేళ్ళలో. సైన్యం మీద ఖర్చు ఆదాయంలో వాటాగా చూస్తే ప్రపంచంలోనే పైవరసలో ఉంటూ వచ్చింది. 2011లో జనాన్ని శాంతపరచడానికి పెంచిన జీతాలు తగ్గించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆర్థికమంత్రి సుల్తానే. ఆయన అప్పటికే జబ్బుతో ఉన్నారు, నెలల తరబడి జర్మనీలో చికిత్స. జబ్బుపడ్డ మనిషిని నేను నిందించను. జబ్బుపడినా తన కుర్చీల్లో ఒక్కటి కూడా ఇంకొకరికి వదలని పద్ధతిని నిందిస్తాను. అప్పుల భయంతో దేశానికి తాళం వేసిన తండ్రి కొడుకు, చివరికి దేశాన్ని అప్పుతోనే వదిలి వెళ్ళాడు. ఆయన పోయాక ఏడాది దాటేసరికి కొనే చాలా వస్తువుల మీద ఐదు శాతం పన్ను పడింది.

వారసుడి సంగతీ అంతే. పిల్లల్లేరు. వారసుడి పేరు కవరులో పెట్టి సీలు వేసి ఉంచారు. రాజకుటుంబం మూడు రోజుల్లో తేల్చుకోలేకపోతే ఆ కవరు తెరవాలి. వాళ్ళు తేల్చుకునే ప్రయత్నమే పెట్టుకోలేదు, గౌరవంగా కవరు తెరిచారు. టీవీలో అందరం చూశాం. హైతమ్ బిన్ తారిఖ్. ఏడాదిన్నరైనా ప్రధానిగా ఉండకుండా తప్పుకున్న ఆ తారిఖ్ కొడుకే. గొడవల్లేకుండా అధికారం చేతులు మారిందని లోకమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ నలభై ఐదు లక్షల మంది ఉన్న దేశంలో రేపటి పాలకుడెవరో ఒక్క మనిషికి తప్ప ఎవరికీ తెలియకుండా ఏళ్ళు గడిచాయి. ఆ రాత్రి మా బిల్డింగులో ఒమానీ కుటుంబం ఒకటి తెల్లవార్లూ లైట్లు ఆర్పలేదు. ఆవిడ మర్నాడు మా ఆవిడతో అన్నది: "ఏడుస్తున్నామో భయపడుతున్నామో మాకే తెలియలేదు."

మా తాతది బోధన్ దగ్గర. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు వాళ్ళ పొలం పక్కనుంచే పారేవి. ఉస్మానియా దవాఖానలో ఆయన తమ్ముడి ప్రాణం నిలబడింది. అయినా ఎవరైనా నిజాం ఇచ్చిండు అంటే ఊరుకునేవాడు కాదు. "నీళ్ళు మంజీరవి, మట్టి మోసింది మనోళ్ళు, దొర గడీల వెట్టి చేసిందీ మనోళ్ళే. ఆయన ఏమిచ్చిండో చెప్పు" అనేవాడు. చిన్నప్పుడు ఆ మాట కృతఘ్నతలా అనిపించేది. నిజాంసాగర్‌ను ఆయన ఎన్నడూ కాదనలేదు, దాని గట్టు మీదే కూర్చుని ఈ మాట అనేవాడు. మేలు ఒప్పుకుంటూనే లెక్క అడగొచ్చని నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. మస్కట్‌లో మాత్రం పదమూడేళ్ళు ఆ పాఠం మర్చిపోయి బతికాను. ఎందుకంటే అక్కడ మట్టి మోసేవాళ్ళ లెక్క నా చేతిలోనే ఉండేది.

ఒమాన్‌లో మన దేశస్థులు ఏడు లక్షలకు పైగా ఉండేవాళ్ళు. వాళ్ళలో తెలుగువాళ్ళు తాపీ పని, సెంట్రింగు, స్టీలు కట్టడం, డ్రైవరీ. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఇళ్ళలో ఖద్దామాలు, అంటే పనిమనుషులు. పాస్‌పోర్టులు యజమాని పెట్టుకోకూడదని 2006లోనే ఉత్తర్వు ఉంది, పెట్టుకుంటే శిక్ష ఏమిటో మాత్రం అందులో రాయలేదు. కాబట్టి మా కంపెనీలో పాస్‌పోర్టులు ఇనప బీరువాలో ఉండేవి. ఆ బీరువా తాళం నా దగ్గరుండేది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు అప్పట్లో అసలు కార్మిక చట్టం కిందికే వచ్చేవాళ్ళు కాదు. పని గంటలు ఉండేవి కావు, సెలవు ఉండేది కాదు, ఇంటి తలుపు దాటాలంటే మేడమ్ అనుమతి కావాల్సొచ్చేది. దెబ్బలు తిన్నవాళ్ళ గురించీ, జీతం అందనివాళ్ళ గురించీ 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ వివరంగా రాసింది. రాయకముందే మాకు తెలుసు. రాయబార కార్యాలయం మెట్ల మీద అట్లాంటి అక్కల్ని చూడని శుక్రవారం తక్కువ. అందరికీ మేలు చేసిన రాజు ఇల్లిల్లూ ఊడ్చే ఈ ఆడవాళ్ళను చట్టంలో చేర్చడానికి ఎంత ఖర్చయ్యేది? ఒక సంతకం. యాభై ఏళ్ళలో ఆ సంతకం పడలేదు. డబ్బు లేక ఆగిన పనులకు రాజును క్షమిస్తాను. సంతకంతో అయ్యే పని ఆగితే, అది ఆయన ఆపిన పనే.

పొరుగు రాజులతో పోలిస్తే ఈయన నయం కదా అంటారు. నయమే. కానీ పొరుగువాడి తప్పు మన తక్కెట్లో రాయి కాకూడదు. అప్పుడంతా వేరు, కాలాన్ని బట్టి చూడాలంటారు. చూద్దాం. కాలాన్ని బట్టే చూస్తే, ఆయన కాలంలోనే కువైట్ పార్లమెంటు మంత్రుల్ని నిలదీసేది, వాళ్ళను రాజీనామా చేయించేది. పాలకులు ఎన్నిసార్లు రద్దు చేసినా తిరిగి ఎన్నికయ్యేది. అక్కడా చమురే, అక్కడా రాజే. కాబట్టి చమురు ఉన్నచోట నోరు ఉండదన్నది సృష్టి నియమమేమీ కాదు. ఒమాన్‌లో ఎవరూ ప్రశ్న అడగకుండా ఉండటానికి కారణం ఒక మనిషి నిర్ణయం. మంచి మనిషే. ఆ మంచితనం మీద నమ్మకంతోనే జనం ఊరుకున్నారు, ఆయనా ఊరుకోబెట్టారు.

నా వంతు చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. 2014 జులై నుంచి ఒమాన్‌లో ఒక నిబంధన తిరిగొచ్చింది. పాత కంపెనీ అభ్యంతరం లేదని కాగితం రాసివ్వకపోతే, మానేసిన కార్మికుడు రెండేళ్ళు ఒమాన్‌లో వేరే పనికి రాకూడదు. మనవాళ్ళు దాన్ని రిలీజ్ అనేవాళ్ళు. మా జిల్లా తమ్ముడు ఒకతను, స్టీల్ ఫిక్సరు, అప్పుడే వేరే కంపెనీలో పని చూసుకున్నాడు. మా దగ్గర జీతం 110 రియాళ్ళు, అక్కడ 170. రెండు వీధుల అవతలే ఆ ఆఫీసు. రిలీజ్ కోసం దరఖాస్తు పెట్టాడు. ఇవ్వడం కుదరదని పైవాళ్ళు చెప్పారు. ఆ ఉత్తరం టైపు చేసింది నేను. "అన్నా, నువ్వొక మాట చెప్పరాదు" అన్నాడు. నేను చెప్పలేదు. నా వీసా కూడా అదే అర్బాబ్ (యజమాని) చేతిలో ఉంది.

ఆ నిబంధన ఖాబూస్ బతికుండగా పోలేదు. 2021 జనవరి 1 నుంచి ఎత్తేశారు. ఆ నెలాఖరున నేను నిజామాబాద్‌లో ఉండగా అతని నుంచి ఫోనొచ్చింది.

"అన్నా, కంపెనీ మారిన. రిలీజ్ అడగలె, సంతకం అడగలె. కాంట్రాక్టు అయిపోయింది, పోయిన, చేరిన. నూట డెబ్బై."

నేను సంతోషమన్నాను. గొంతు పట్టేసింది.

"కొత్త సుల్తాన్ ఇచ్చిండన్నా," అన్నాడు.

ఫోను పెట్టేశాక కాగితం తీసుకున్నాను. 2014 జులై నుంచి 2020 డిసెంబరు దాకా డెబ్బై ఎనిమిది నెలలు. నెలకు అరవై రియాళ్ళు. 4,680. అప్పటి రేటుకి తొమ్మిది లక్షల రూపాయలకు కాస్త తక్కువ. ఆ లెక్క అతనికి ఇంతవరకు చెప్పలేదు.